పాము మందుకు పెట్టే పైసలు దోమతెరకు, సిమెంటుకు పెట్టండి: నల్గొండ, పాలమూరు సర్పంచులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన సర్పంచులకు, వార్డు సభ్యులకు, పంచాయతీ కార్యదర్శులకు,

నమస్కారం.

మిరుగు దగ్గరపడుతోంది. మొదటి వాన పడ్డాక ఏటా జరిగేదే మళ్లీ జరుగుతుంది. ఏదో ఒక వాడలో ఇంట్లోకి పాము వస్తుంది. జనం పంచాయతీ ఆఫీసు ముందుకు వస్తారు. సఫాయి కార్మికులు బ్లీచింగ్ బస్తా మోసుకెళ్లి గోడల వెంట తెల్లగీత పోస్తారు. కార్బాలిక్ యాసిడ్ సీసాలు కొని ఇంటింటికీ పంచే ఊళ్లున్నాయి. ఫోన్లో చూసి గంధకం పొడి, వెల్లుల్లి నూనె, ‘పాములు రాని మందు’ అని రాసి ఉన్న డబ్బాలు తెప్పించేవాళ్లూ ఉన్నారు. ఈ లేఖ రాస్తున్న మాలో పాములు పట్టి వదిలేవాళ్లున్నారు, దవాఖానలో పాము కాటు కేసులు చూసేవాళ్లున్నారు, ఇళ్లు కట్టే మేస్త్రీలున్నారు. అందరం కలిసి అడిగేది ఒక్కటే. ఆ మందుల ఖర్చు ఆపి, ఆ పైసలతోనే కింద రాసిన పనులు చేయించండి.

బ్లీచింగ్ గీతను పాము దాటదనుకోవడం ఉత్త నమ్మకం. ఆరుబయట చల్లిన పొడిలో క్లోరిన్ ఒకటి రెండు రోజుల్లో ఎగిరిపోతుంది, మిగిలింది సున్నమే. కార్బాలిక్ యాసిడ్ పామును ఆపదు కానీ పిల్లల చేతులు కాలుస్తుంది, చర్మంలోంచి ఒంట్లోకి కూడా ఇంకుతుంది. కిటికీలో తెరిచి పెట్టిన ఆ సీసా పాము కంటే ముందు పసిపిల్లకే ప్రమాదం. దయచేసి పంచినవాటిని వెనక్కి తెప్పించండి.

పాము మన ఇంటికి మనకోసం రాదు. ఎలుక కోసం వస్తుంది, కప్ప కోసం వస్తుంది, బల్లి కోసం వస్తుంది. బొక్కలోకి వాననీళ్లు దిగితే పొడి చోటు వెతుక్కుంటూ వస్తుంది. దాని తిండినీ దారినీ తీసేస్తే రావడం తగ్గుతుంది. అప్పటికీ వచ్చిందనుకోండి, మనిషి దోమతెర లోపల పడుకుని ఉంటే కాటు పడే ప్రమాదం బాగా తగ్గుతుంది. అదీ తప్పిపోయి కాటు పడితే గంటలోపు సరైన సూది పడాలి. ఈ మూడు చోట్లా పంచాయతీ చేయగలిగింది చాలా ఉంది.

2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాము కాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని, అంటే ఏటా సగటున 58 వేల మంది అని, 2020లో వెలువడిన పెద్ద అధ్యయనం లెక్కగట్టింది. అందులో సగం చావులు జూన్ నుంచి సెప్టెంబర్ లోపే. ఎక్కువ మంది పోతున్న 8 రాష్ట్రాల్లో తెలంగాణ కలిసి ఉన్నప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పోయినవాళ్లలో ఎక్కువ మంది పల్లెల వాళ్లు, ఇంటి దగ్గరే పోయినవాళ్లు. దీన్ని అడవి సమస్య అనుకుంటే పొరపాటు. ఇది ఇంటి సమస్య, పడక సమస్య.

ఏ ఊరికి ఏ పాము ఎక్కువో తెలిస్తే పని ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది. సాగర్ ఎడమ కాలువ కింద హాలియా, మిర్యాలగూడ వైపు వరి మడుల్లో రక్తపింజరతో జాగ్రత్త. ఒంటి మీద గొలుసులా మూడు వరుసల మచ్చలుంటాయి, కుక్కర్ విజిల్‌లా బుసకొడుతుంది, గుడ్లు పెట్టదు, వానాకాలం మొదట్లో పదుల కొద్దీ పిల్లల్ని కంటుంది. దేవరకొండ, అచ్చంపేట, నారాయణపేట వైపు గుట్టలు, రాళ్ల చెల్కల్లో ఇసుక పింజర ఉంటుంది. మూరెడు కూడా ఉండని పాము. చుట్ట చుట్టుకుని పొలుసులు ఒకదానికొకటి రాస్తే రంపం గీసినట్టు చప్పుడు వస్తుంది. పల్లికాయ పీకేటప్పుడు, రాయి ఎత్తేటప్పుడు వేలికి కాటేస్తుంది. నాగుపాము రెండు చోట్లా ఉంటుంది, ఎలుకలున్న ఇల్లు, గుడ్లున్న కోళ్ల గూడు దానికి ఇష్టం. నాలుగోది కట్లపాము. మా లెక్కలో సర్పంచులు అన్నిటికంటే ముందు ఆలోచించాల్సింది దీని గురించే.

కట్లపాము పగలు ఇటుకల కుప్పలో, పుట్టలో, గోడ పగుల్లో దాక్కుంటుంది. రాత్రి బయటికొస్తుంది. నేల మీద పడుకున్న మనిషి పక్కలోకి పాకుతుంది, ఒత్తిగిలినప్పుడు కాటేస్తుంది. కోరలు పొట్టివి. చాలాసార్లు నొప్పి ఉండదు, వాపు ఉండదు, గాటు కూడా కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి, వాంతి, గొంతు పట్టేసినట్టుండటం మొదలవుతాయి. ఇంటివాళ్లు గ్యాస్ అనుకుని సోడా తాగిస్తారు. అంతలో కనురెప్పలు వాలిపోతాయి, మాట ముద్దవుతుంది, ఊపిరి ఆగుతుంది. అందుకే ఆశా కార్యకర్తలకు, ఆర్‌ఎంపీలకు ఒక్క మాట గట్టిగా చెప్పించండి. వానాకాలంలో కింద పడుకున్న మనిషి కడుపునొప్పితో లేచి రెప్పలు ఎత్తలేకపోతుంటే, పాము కనబడకపోయినా, గాటు లేకపోయినా, కట్లపాము కాటు కిందే లెక్కగట్టి బండెక్కించాలి.

ఆ కాటుకు చవకైన అడ్డు దోమతెర. నేపాల్ దక్షిణాన తరాయి ప్రాంతంలో చేసి 2007లో అచ్చువేసిన అధ్యయనం, దోమతెర కింద పడుకునేవాళ్లకు పాము కాట్లు బాగా తక్కువని చూపింది. అక్కడి పడకలూ మన పడకల్లాంటివే, కట్లపామూ ఇదే జాతి. కానీ తెర పంచేసి చేతులు దులుపుకుంటే సరిపోదు, కట్టడం చూపించాలి. అంచులు చాప కిందికి, బొంత కిందికి కనీసం అడుగు లోపలికి మడిచి పెట్టాలి. ఉక్కపోస్తోందని ఒక పక్క ఎత్తి పెడితే తెర లేనట్టే, పైగా లోపలికొచ్చిన పాము బయటికి దారి దొరక్క మనిషి పక్కనే ఉండిపోతుంది. చిరుగు ఉంటే ఆ రోజే కుట్టాలి. మంచం ఉంటే ఇంకా మంచిది, నేల నుంచి అడుగున్నర ఎత్తు, గోడకు జానెడు దూరం ఉండాలి. దుప్పటి కిందికి వేలాడితే పాముకు, తేలుకు, జెర్రికి అదే నిచ్చెన. కోళ్ల ఫారాల్లో, ఇటుక బట్టీల్లో, బత్తాయి తోటల కాపలా గుడిసెల్లో ఉండే కుటుంబాలకు తెరలు మొదట ఇవ్వండి. ఊరి జాబితాలో వాళ్ల పేర్లు తరచూ ఉండవు, పడుకునేది మాత్రం నేల మీదే.

ఇక ఇల్లు. ఇది మాలో మేస్త్రీల మాట. పాలమూరు పల్లెల్లో రాయి, మట్టితో కట్టిన పాత గోడల్లో ప్రతి సందూ ఒక గదే. గోడంతా పూత పూయించే స్తోమత అందరికీ ఉండదు, అవసరమూ లేదు. నేల నుంచి రెండడుగుల ఎత్తు వరకు లోపలా బయటా పూయిస్తే చాలు. ఒక పాలు సిమెంటు, నాలుగు పాళ్లు ఇసుక, పైన నున్నటి సిమెంటు పూత. ఒక్క పక్కకే లెక్కగడితే, చదును గోడకు ఒక బస్తా సిమెంటు దాదాపు 50 అడుగుల పొడవుకు వస్తుంది, ఎగుడుదిగుడు రాతి గోడైతే 30, 35 అడుగులే. మట్టి గోడ మీద నేరుగా సిమెంటు పూస్తే ఒక్క వానాకాలానికే పెచ్చులూడుతుంది, ఎందుకంటే మట్టి, సిమెంటు ఒకదాన్నొకటి పట్టుకోవు. ముందు కోళ్ల జాలీ మేకులతో కొట్టి దాని మీద పూయాలి. వారం రోజులు నీళ్లు కొట్టకపోతే జుట్టు పగుళ్లు వస్తాయి. నున్నటి పట్టీని తేలు ఎక్కలేదు, గరుకు గోడనైతే పైకప్పు దాకా ఎక్కుతుంది.

ఎలుక బొక్కల్ని మట్టితో పూడిస్తే తెల్లారేసరికి మళ్లీ తవ్వుతుంది. బొక్కలోకి కంకర, గాజు పెంకులు దట్టించి, ఒకటికి మూడు పాళ్ల సిమెంటు, ఇసుక మాలు నింపాలి. గడప కింద, తలుపు కింద సందులో మన చిటికెన వేలు దూరితే పిల్ల కట్లపాము దూరుతుందని లెక్క. పాత సైకిల్ ట్యూబు పట్టీ తలుపు అడుగున మేకులు కొట్టి పెట్టినా పని జరుగుతుంది, నేలను తాకేలా ఉండాలంతే. స్నానాల గది నీళ్లు పోయే తూముకు, సెప్టిక్ ట్యాంకు గాలి గొట్టానికి 6 మిల్లీమీటర్ల జాలీ బిగించాలి. తాండూరు బండలు పరిచిన నేలల్లో అంచుల దగ్గర సందులు వదిలేస్తారు, జెర్రులు, బొద్దింకలు ఉండేది అక్కడే. కట్టెలు, పిడకలు గోడకు ఆనించకుండా 15 అడుగుల దూరంలో, నేల నుంచి అడుగు ఎత్తున కర్రల మీద పేర్చమనండి. మిగిలిపోయిన ఇటుకల కుప్ప ఇంటి వెనక ఏళ్ల తరబడి ఉంటుంది. ఇందిరమ్మ ఇల్లు కట్టుకున్నవాళ్ల వెంటపడైనా దాన్ని తీయించండి. కట్లపాముకు అంతకంటే మంచి చోటు లేదు.

ఎలుకల సంగతి ఒక్క ఇంటితో తేలదు, ఊరంతా ఒకే రోజు చేయాలి. వ్యవసాయ శాఖ ఎప్పటినుంచో చెప్తున్న పాళ్లే ఇవి: 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు బ్రోమోడయోలిన్ మందు. మొదటి రోజు పొలం గట్ల మీద బొక్కలన్నీ మట్టితో మూయాలి. మర్నాడు తెరుచుకున్నవే ఎలుకలున్న బొక్కలు. వాటిలో ఒక్కోదానికి 10, 15 గ్రాముల పొట్లం కాగితంలో చుట్టి లోపలికి నెట్టాలి. చేతులకు కవర్లు తప్పనిసరి. చచ్చిన ఎలుకల్ని ఏరి పూడ్చకపోతే వాటిని తిన్న గుడ్లగూబలు, పిల్లులు చస్తాయి. ఒక్క రైతు పెట్టి పక్క రైతు మానేస్తే పది రోజుల్లో మళ్లీ అవే ఎలుకలు. ఊరి చివర చికెన్ సెంటర్ల వ్యర్థాలు పోసే గుంటను కూడా ఈ లెక్కలోకి తీసుకోండి, మన ఊళ్లలో ఎలుకల్ని మేపేది అదే.

జెర్రిపోతును చంపనివ్వకండి. పొడుగ్గా, వేగంగా పోతుందని దాన్ని చూసి నాగుపాము అని కొట్టేస్తారు. అది విషం లేని పాము, బొక్కలోకి దూరి ఎలుకల్ని పిల్లలతో సహా తినేది అదే. చెరువుల దగ్గర కనబడే నీరుకట్టెకు, చెట్ల మీది పసిరిక పాముకు కూడా మనిషిని చంపే విషం లేదు. రెండు తలల పాముకు లక్షలొస్తాయని సంచుల్లో వేసుకుని తిరిగేవాళ్ల మాట నమ్మి ఊళ్లో యువకులు కేసుల్లో ఇరుక్కుంటున్నారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పాముల్ని చంపడం, అమ్మడం నేరం. ఇంట్లో పాము కనబడితే పదడుగుల దూరం నుంచి ఒకరు దాని మీద చూపు తీయకుండా నిలబడాలి, మిగతావాళ్లు పిల్లల్ని బయటికి తీసుకెళ్లి, పట్టేవాళ్లకో అటవీ శాఖకో ఫోన్ చేయాలి. చూపు తిప్పితే అది ఏ సందులోకి పోయిందో తెలియదు, ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. పట్టేవాడు పడగ ముందు చేయి ఆడిస్తూ వీడియో తీయించుకుంటే అతన్ని మళ్లీ పిలవకండి. పని తెలిసినవాళ్లు కొక్కెం కర్రతో, చివర నల్ల సంచి కట్టిన ప్లాస్టిక్ పైపుతో పడతారు. చీకటి కనబడితే పాము తనంతట తనే అందులోకి పోతుంది.

తేలు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే జనం భయపడేది ఒకదానికి, ప్రాణం తీసేది ఇంకోటి. ముందు లావు పటకార్లతో నల్లగా పెద్దగా ఉండే మండ్రగబ్బ కుడితే నొప్పి ఉంటుంది కానీ ప్రాణం పోవడం అరుదు. ఎర్రగా, ఇటుక రంగులో, సన్నటి పటకార్లు, లావు తోకతో ఉండే రెండంగుళాల ఎర్ర తేలుతోనే జాగ్రత్త. అది కుట్టిన పిల్లల్లో వాంతులు, ఒళ్లంతా చెమట, చల్లబడ్డ చేతులు కాళ్లు, చొంగ కారడం, గుండె దడ కనబడితే గుండె మీద దెబ్బ పడుతున్నట్టు. ఊపిరితిత్తుల్లో నీరు చేరితే చేయి దాటిపోతుంది. దీనికి మందు ప్రాజోసిన్ అనే చవక మాత్ర. మహారాష్ట్రలోని మహాడ్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు చేస్తూ దీన్ని నిరూపించి, దేశమంతా వాడేలా చేసిన డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ వచ్చింది. పిల్లలకు కిలో బరువుకు 30 మైక్రోగ్రాముల లెక్కన డాక్టరే ఇవ్వాలి, ఇచ్చాక పడుకోబెట్టే ఉంచాలి, లేపి నిలబెడితే బీపీ పడిపోతుంది. ఆర్‌ఎంపీలు వేసే అవిల్, డెకడ్రాన్ సూదులు తేలు విషానికి పనిచేయవు. పాముకు ఇచ్చే విరుగుడు మందు కూడా తేలుకు పనికిరాదు.

తేలు మంత్రానికి తగ్గిందనేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. నల్ల తేలు నొప్పి కొన్ని గంటల్లో దానంతట అదే తగ్గుతుంది, ఆ సమయానికి మంత్రం నడుస్తూ ఉంటుంది. పాము కాటూ అంతే. విషం లేని పాములు కరిచినవి, విషపు పాము కరిచినా విషం దింపనివి చాలా ఉంటాయి, వాళ్లంతా పసరుతో బతికినట్టే కనబడతారు. అందుకని మంత్రం వేసేవాళ్లతో గొడవపడి లాభం లేదు. ఊళ్లో పెద్దమనిషిగా వాళ్ల ఇంటికెళ్లి మాట్లాడండి: ‘నీ దగ్గరికొచ్చినోళ్లను ముందు దవాఖానకు తోలు, మంత్రం బండి మీద కూసోని చదువు.’ ఒప్పుకునేవాళ్లు మీరనుకున్నదానికంటే ఎక్కువ మంది ఉంటారు.

తేళ్లను వెతకడానికి ఊదా రంగు కాంతినిచ్చే యూవీ టార్చి ఒకటి పంచాయతీ కొనాలి, 395 నానోమీటర్లదైనా చాలు. చీకటి పడ్డాక దాని వెలుగులో తేలు ఆకుపచ్చగా మెరుస్తుంది. రాత్రి 8 నుంచి 10 మధ్య పాత గోడల వెంట, బడి మరుగుదొడ్లలో, అంగన్‌వాడీ చుట్టూ ఒకసారి తిరిగితే చాలు, ఎక్కడ పూత పూయాలో అదే చెప్తుంది. బొద్దింకలున్న చోట తేళ్లుంటాయి. బోరిక్ పొడి, శనగపిండి సమపాళ్లలో, అందులో సగం చక్కెర, తడిపి గోలీలు చేసి పొయ్యి వెనక, తూము పక్కన పెడితే రెండు వారాల్లో బొద్దింకలు తగ్గుతాయి. పిల్లలకు అందని చోటే పెట్టాలి. మంచం కోళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టే అలవాటు తేలుకూ చీమకూ మంచిదే కానీ, వారానికి రెండుసార్లు నీళ్లు పారబోయకపోతే డెంగీ దోమను మనమే పెంచినట్టు.

పొలంలో ముఖ్యమైన చోటు స్టార్టర్ డబ్బా. వెచ్చగా, చీకటిగా ఉంటుంది, బల్లులుంటాయి. రాత్రి పూట చేయి పెట్టి మీట నొక్కేటప్పుడు కాటు పడుతుంది. వైర్లు వచ్చే రంధ్రాల్ని మూయించాలి, డబ్బాను నడుము కంటే ఎత్తున బిగించాలి, తెరిచే ముందు కర్రతో కొట్టాలి. వడ్ల కొనుగోలు కేంద్రాల సంగతి దీనికంటే పెద్దది. తూకం కోసం రైతులు కుప్పల పక్కనే రోజుల తరబడి పడుకుంటారు. వడ్లకు ఎలుకలు, ఎలుకలకు పాములు, కప్పిన టార్పాలిన్ కింద చల్లటి నీడ. టార్పాలిన్ తీసేటప్పుడు చేత్తో లాగకుండా పొడుగు కర్రతో ఎత్తాలి, గడ్డి కట్టలూ అంతే. కేంద్రం తెరిచిన రోజే పది మంచాలు, పది దోమతెరలు, ఒక దీపం అక్కడ పెట్టించడం పంచాయతీ చేతిలో పనే. వీధి దీపాలకు తెల్లటి బల్బుల బదులు పసుపు రంగువి వేయించండి. తెల్లని వెలుగుకు పురుగులు ఎక్కువ చేరతాయి, పురుగులకు కప్పలు, కప్పలకు పాములు. మరుగుదొడ్డికి పోయే దారిలో దీపం లేని ఇళ్లు ఏవో వార్డు సభ్యులకు తెలుసు, అవి ముందు.

కాటు పడ్డాక ఏం చేయాలో ఊరందరికీ తెలిసి ఉండాలి. ఉంగరాలు, మెట్టెలు, కడియాలు, మొలతాడు వెంటనే తీసేయాలి, వాపొస్తే అవే కోసుకుంటాయి. విరిగిన చేయికి కట్టినట్టు కర్రబద్ద పెట్టి కాటు పడ్డ చేయినో కాలునో కదలకుండా కట్టాలి. నడిపించకూడదు. కోయడం, నోటితో పీల్చడం, మంచుగడ్డ, పసరు ఏదీ వద్దు. తాడు బిగించి కట్టవద్దు. ఎవరైనా అప్పటికే కట్టేసి ఉంటే ఇంట్లో విప్పవద్దు, దవాఖానలో డాక్టరు ముందే విప్పాలి, లేకపోతే ఆగి ఉన్న విషం ఒక్కసారిగా పైకి పాకి మనిషి అక్కడే కూలిపోతాడు. ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి సూది వేయించడం చాలా ప్రమాదం. పింజర విషానికి రక్తం గడ్డకట్టదు, సూది గుచ్చిన చోటే లోపల రక్తం గూడుకడుతుంది, డైక్లోఫెనాక్ లాంటి మందులు రక్తస్రావాన్ని ఇంకా పెంచుతాయి. పామును చంపి తేవాల్సిన పని లేదు. మన దగ్గర దొరికే విరుగుడు మందు నాలుగు పాములకూ ఒకటే.

108కి ఫోన్ చేస్తూనే బండి కూడా సిద్ధం చేయాలి. నేపాల్ దక్షిణ పల్లెల్లో ఊరి యువకుల మోటార్ సైకిళ్ల మీద ముందొకరు, వెనకొకరు, నడిమిలో రోగి, ఇలా నేరుగా చికిత్స కేంద్రానికి చేర్చే ఏర్పాటు చేసి, ఊళ్లలో అవగాహన కూడా పెంచారు. కాటు పడ్డవాళ్లలో చనిపోయేవాళ్లు నూటికి 10.5 నుంచి 0.5కి పడిపోయారని 2013లో అచ్చయింది. మన ప్రతి ఊళ్లో బండ్లున్నాయి, లేనిది జాబితా ఒక్కటే. వాడకు ఇద్దరు, రాత్రి ఫోన్ ఎత్తేవాళ్లు, పెట్రోల్ పంచాయతీది. వాంతి వస్తున్న, స్పృహ తగ్గిన మనిషిని మాత్రం బండి మీద కూర్చోబెట్టవద్దు, ఆటోలో ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి తీసుకెళ్లాలి.

ఇప్పుడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. సర్పంచ్ లోపలికెళ్లి అడిగే హక్కున్న విషయాలు కొన్ని ఉన్నాయి, మర్యాదగా అడగండి, రాసుకోండి. పాము విరుగుడు మందు సీసాలు ఎన్ని ఉన్నాయి? మొదటి మోతాదే 8 నుంచి 10 సీసాలు, పిల్లలకైనా పెద్దలకైనా అంతే, ఎందుకంటే కరిచేది చిన్నపిల్లల్నని పాము విషం తక్కువ దింపదు. రెండు సీసాలు వేసి పై దవాఖానకు పంపితే అది చికిత్స కాదు. ఒక రోగికి కనీసం 10, ఇంకొకరికి 10, అంటే 20కి తగ్గకుండా ఉండాలి. పొడి మందా, నీళ్ల మందా? నీళ్ల మందును 2 నుంచి 8 డిగ్రీల చలిలోనే ఉంచాలి. కరెంటు పోయే చోట పొడి మందే నమ్మకం, ఒక్కో సీసాకు 10 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లు కలిపి వాడతారు. నురగ రాకుండా మెల్లగా తిప్పి కలపాలి. మందు పడకపోతే ఒళ్లు దద్దుర్లెక్కి, బీపీ పడిపోతే తొడ కండలోకి వేసే అడ్రినలిన్ సిద్ధంగా ఉందా? ఆ భయంతోనే చాలా చోట్ల మందు మొదలుపెట్టకుండా పంపేస్తున్నారు. అడ్రినలిన్ పక్కన పెట్టుకున్న డాక్టరుకు ఆ భయం ఉండనక్కర్లేదు. నాగుపాము కాటుకు నియోస్టిగ్మిన్, అట్రోపిన్ సూదులు, ఊపిరి ఊదే అంబు బ్యాగు ఉన్నాయా? దారిలో గంటసేపు ఆ బ్యాగు నొక్కుతూ కూర్చోగల మనిషి ఉంటే కట్లపాము కాటు పడ్డవాళ్లు కూడా జిల్లా దవాఖాన వెంటిలేటర్ దాకా చేరతారు. ఒక మాట ఇంటివాళ్లకు చెప్పండి: ఆ మనిషి కన్ను తెరవలేడు, వేలు కదపలేడు, కానీ అన్నీ వినబడుతుంటాయి. పోయాడని ఏడ్వకండి, పేరు పెట్టి పిలుస్తూ మాట్లాడండి.

ఇంకొకటి, అన్నిటికంటే చవకైంది: గాజు పరీక్ష నాళాలు. పింజర కాటో కాదో తేల్చేది 20 నిమిషాల రక్త పరీక్ష. శుభ్రమైన, పొడి, కొత్త గాజు నాళంలో 2 మిల్లీలీటర్ల రక్తం తీసుకుని 20 నిమిషాలు కదపకుండా ఉంచి ఒక్కసారి వంచాలి. గడ్డకట్టకుండా జారితే విషం ఎక్కినట్టే. ప్లాస్టిక్ నాళంలో చేస్తే, సబ్బు పొడితో కడిగిన నాళంలో చేస్తే ఫలితం తప్పుతుంది. ఒక్కసారి గడ్డకట్టిందని ఇంటికి పంపకూడదు, మళ్లీ మళ్లీ చూస్తూ 24 గంటలు ఉంచాలి. రక్తపింజర కాటులో మూత్రం తగ్గినా, నల్లబడినా కిడ్నీల మీద దెబ్బ పడినట్టు, డయాలసిస్ ఉన్న దవాఖానకు వెంటనే మార్చాలి. వంద గాజు నాళాలు ఒక బ్లీచింగ్ బస్తా కంటే ఎక్కువ ప్రాణాలు కాపాడతాయి. దవాఖానలో లేవంటే పంచాయతీయే కొని ఇవ్వండి.

2024 మార్చిలో కేంద్రం 2030 నాటికి పాము కాటు మరణాల్ని సగానికి తగ్గించే కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో, పాము కాటు కేసుల్ని తప్పనిసరిగా నమోదు చేసే వ్యాధుల జాబితాలో చేర్చమని రాష్ట్రాలకు లేఖ రాసింది. పై లెక్క ఎప్పుడు సరిగ్గా వస్తుందో కానీ, మీ ఊరి లెక్క మీరు రాయొచ్చు. ఒక నోటుబుక్కు చాలు: తేదీ, గంట, ఇంట్లోనా పొలంలోనా, నేల మీదా మంచం మీదా, దవాఖానకు ఎన్ని నిమిషాలు పట్టింది, ఎన్ని సీసాలు పడ్డాయి, మనిషి ఎలా ఉన్నాడు. ఇంట్లో మంత్రంతో ఆగిపోయినవి, తేలు కాట్లు కూడా రాయండి. రెండు వానాకాలాలు గడిచాక తర్వాతి దీపం ఏ వాడలో వేయాలో ఆ బుక్కే చెప్తుంది.

చివరి పని పంచాయతీ ఆఫీసు గోడ మీద. బాగా దూరం నుంచి కనబడేంత పెద్ద అక్షరాలతో రాయించండి: 108, విరుగుడు మందు ఉన్న దగ్గరి దవాఖాన పేరు, అక్కడికి ఎన్ని కిలోమీటర్లు, బండి నడిపే ఇద్దరి ఫోన్ నంబర్లు, పాములు పట్టేవారి నంబరు, ‘తాడు కట్టొద్దు, కోయొద్దు, నడిపించొద్దు’ అనే మూడు మాటలు. విరుగుడు మందు నిజంగా ఉందో లేదో ముందు చూసి వచ్చాకే ఆ దవాఖాన పేరు రాయించండి. నిల్వ అయిపోయిన చోటికి పోయి అక్కడి నుంచి ఇంకో చోటికి తిరగడంలోనే గంటలు పోతాయి. సున్నం మీద రంగు ఆరడానికి రెండు రోజులు ఎండ కావాలి కాబట్టి, మొదటి వాన కంటే ముందే పెయింటరును పిలిపించండి.

ఇట్లు,
నల్గొండ, మహబూబ్‌నగర్ పాత జిల్లాల్లో పాములు పట్టేవాళ్లం, దవాఖాన సిబ్బంది, తాపీ మేస్త్రీలం